పూల కడుగులో ముంచిన శాలువా

సోమవారం

ఈ డైరీకి రెండు నిబంధనలు. ఒకటి: ఇందులో ఊలు గురించి తప్ప మరో విషయం రాయరాదు. రెండు: ఆపరేషన్ అనే మాట ఎక్కడా కనబడరాదు. మొదటి పేరాలోనే కనబడింది కాబట్టి రెండో నిబంధన రేపటినుంచి అమల్లోకి వస్తుంది.

నేపథ్యం. డాక్టరమ్మగారు అమ్మ కాగితాలు చూసి, "టీచర్‌గారూ, మీ ఒంట్లో రక్తం ఎనిమిది కూడా లేదు. పది దాటితే తప్ప మీ గర్భసంచి జోలికి నేను వెళ్ళను. ఐరన్ టానిక్ రాస్తున్నాను. టీ మానెయ్యండి, అది ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు" అన్నారు. ఆవిడ మానమన్నది అమ్మని. ఫోన్లో విన్న అక్క దాన్ని ఇంటిల్లిపాదికీ వర్తింపజేసింది. పెళ్ళి చేసుకుని ఊరికి ఆ చివరన కాపురం పెట్టినా ఈ ఇంటి పరిపాలన మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

"అమ్మ ఎదురుగా మీరిద్దరూ టీ తాగుతుంటే ఆవిడ నోరు ఊరుకుంటుందా? మూలికల టీలు పంపిస్తున్నా, అందరూ అవే తాగండి. అవైతే పర్లేదట" అంది.

పంపింది. అట్టపెట్టె నిండా. చామంతి, మందార, పుదీనా, ఇంకా ఏవో ఎర్ర పుల్లలు. అమ్మ చామంతిని ఒక గుక్క తాగి, కప్పు పక్కన పెట్టి, "ఇది టీ కాదురా, పూల కడుగు" అని తీర్పు చెప్పింది. అమ్మ లెక్కల టీచరు. ఆవిడ మార్కులు వేశాక మళ్ళీ దిద్దడాలుండవు. నాన్న కూడా తాగి, "వేణ్ణీళ్ళు బాగున్నాయి" అని, పాలు తెస్తానని బయల్దేరాడు. పాలు ఇంట్లో ఉన్నాయి. వచ్చేటప్పటికి మీసానికి టీ వాసన ఉంది, చేతిలో పాలు లేవు.

బుధవారం

నేను అల్లడం మొదలుపెట్టిన సంగతి రాబోయే తరాలకు తెలియాలి. మొన్న స్కానింగు గది బయట కూర్చున్నప్పుడు అమ్మ చేతులు కట్టుకుని వణికింది. "ఈ చలి రోగుల కోసమా, శవాల కోసమా?" అని గట్టిగానే అడిగింది. ఆ క్షణాన నేను శపథం చేశాను: మళ్ళీ ఈ భవనంలో అమ్మ అడుగుపెట్టేనాటికి ఆవిడ భుజాల మీద నా చేత్తో అల్లిన శాలువా ఉంటుంది. కెమిస్ట్రీ డిగ్రీ చేతికొచ్చింది, ఇచ్చిన ఇంటర్వ్యూకి జవాబు రాలేదు, చేతులకి పని లేదు. వీడియోలు చూసి నేర్చుకున్నాను.

శపథం విని అమ్మ, "ముందు నీ చొక్కా గుండీ కుట్టుకో" అంది.

శుక్రవారం

ఇవాళ చరిత్ర మలుపు తిరిగింది. అమ్మ వదిలేసిన చామంతి కప్పు నా మోచెయ్యి తగిలి తెల్ల ఊలు ఉండ మీద ఒలికింది. ఆరాక చూస్తే తేనె రంగు. చచ్చుపుచ్చు పసుపు కాదు, అసలు తేనె.

అట్టపెట్టెడు టీ ఉంది, తాగే దిక్కు లేదు. గోనెసంచెడు తెల్ల ఊలు ఉంది, రంగు లేదు. కన్యకి వరుడు దొరికాడు.

ఆదివారం

పద్ధతి (నా కోసమే, ఎందుకంటే నేను మర్చిపోతాను): ఊలుని ఉండలా ఉంచకూడదు, వదులుగా కట్టలా చుట్టాలి. పటిక కరిగించిన నీళ్ళలో నాననివ్వాలి, లేకపోతే రంగు మొదటి ఉతుక్కే టాటా చెబుతుంది. చామంతి పొట్లాలు గిన్నెలో మరిగించి, కట్టని అందులో దించి, మూత పెట్టి, ఒక రోజంతా వదిలెయ్యాలి. గెలకకూడదు. తొంగిచూడకూడదు. గిన్నె స్థానం: వెనక వసారాలో, చేతులు కడుక్కునే కుళాయి పక్కన అరుగు మీద. వంటింట్లో పెట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు.

మొదటి కట్ట తీశాను. తేనె. అమ్మ వేళ్ళతో నలిపి చూసి, "పర్లేదు" అంది. అమ్మ భాషలో పర్లేదు అంటే డిస్టింక్షన్.

టానిక్ ఘట్టం కూడా చెప్పాలి. పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా, నేనే పట్టిస్తున్నాను. అమ్మ మొహం తుప్పుపట్టిన గేటులా మూసుకుంటుంది. తాళం తియ్యడం నా ఉద్యోగం. (ఇది ఊలు విషయం కాదు. కొట్టెయ్యాలి. తర్వాత కొట్టేస్తాను.)

గురువారం

టానిక్ అమ్మ కడుపుకి పడలేదు. డాక్టరమ్మగారు సీసా మాన్పించి మాత్రలు రాశారు. ఎర్ర పూతతో, చిన్న గింజల్లా ముద్దుగా ఉన్నాయి. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒకటి, రాత్రి ఒకటి.

"నేనే వేసుకుంటా. నోరు తెరువు, నాలుక చూపించు అంటూ వెనకాల పడ్డావంటే మర్యాద దక్కదు. నీలాంటివాళ్ళని ఎంతమందిని బెంచీ ఎక్కించానో నాకే లెక్కలేదు" అంది అమ్మ.

లెక్కల టీచరుకే లెక్కలేదంటే నేనేం మాట్లాడను. చెంచా కొలువు నుంచి విముక్తి. రెండో కట్ట దించాను.

శుక్రవారం

రెండో కట్ట బూడిద రంగు.

శనివారం

నిన్న కోపంలో ఒక్క వాక్యంతో ఆపేశాను. ఇవాళ కోపం ఇంకా పెరిగింది కాబట్టి వివరంగా రాస్తాను. అదే పెట్టె. అవే పొట్లాలు. అదే పటిక, అదే గిన్నె, అదే మూత. అయినా బూడిదా, నాచూ కలిసిన రంగు. వాన వెలిసిన తర్వాత మురిక్కాలవ వేసుకునే రంగు.

నాన్న చూసి, "బాగానే ఉందిరా, మాసినా తెలీదు" అన్నాడు. ఓదార్పంటే ఇదీ.

మంగళవారం

పది రోజుల తర్వాత డైరీ తెరిచాను. మూడో కట్ట. బూడిద. ముందుదానికన్నా ఒక పిసరు ముదురు.

కుళాయి నీళ్ళని అనుమానించాను. కాచి చల్లార్చిన నీళ్ళు వాడాను. బూడిద. పటికని అనుమానించాను. కొత్త పటిక తెచ్చాను. బూడిద. చామంతిని అనుమానించి మందారకి మారాను. గులాబీ రావలసిన చోట వంకాయ చచ్చిపోయింది.

ఆఖరికి నాన్నని అనుమానించాను. టీలో ఇనుము తగిలితే నల్లబడుతుందని నేను డిగ్రీలో చదివాను. సిరా చేసే పద్ధతి అదే. పరీక్షలో వచ్చింది కూడా. నాన్న తుప్పు మేకులన్నీ ఏదో ఒక గిన్నెలో పోసి పెట్టే మనిషి.

"ఈ గిన్నెలో మేకులు పెట్టావా?"

"నా మేకులు నా డబ్బాలో ఉన్నాయి. కావాలంటే లెక్కపెట్టుకో."

"ఇంతకుముందెప్పుడైనా పెట్టావా అని."

"నీ వయసులో నేను మేకులు కొట్టేవాణ్ణి, ఊలు ఉడకబెట్టేవాణ్ణి కాదు" అని, పాలు తేవడానికి వెళ్ళిపోయాడు.

గిన్నెనే మార్చేశాను. కొత్త స్టీలు గిన్నె, అద్దంలా ఉంది. మళ్ళీ బూడిద. కాబట్టి ఇనుము సిద్ధాంతం వీగిపోయింది. కెమిస్ట్రీ నన్ను మోసం చేసింది. ఫస్ట్ క్లాసు ఇచ్చినప్పుడే అనుకున్నాను, ఇందులో ఏదో మతలబు ఉందని.

గురువారం

ఊలు కొట్టు ఆవిడతో యుద్ధం.

"ఈ ఊలు కల్తీదండీ. మొదటి ఉండ బంగారంలా రంగు పట్టింది. మిగతావన్నీ బొగ్గు."

ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని కట్టని అటూ ఇటూ తిప్పింది. "ఊల్లో కల్తీ ఏముంటుంది బాబూ? గొర్రె చెడ్డదంటావా?"

"ఏమో. గొర్రెని కనుక్కోండి."

"కనుక్కుంటాలే. అది మాత్రం నువ్వెలా ఉడకబెట్టావని అడుగుతుంది, ఏం చెప్పమంటావ్?"

ఓడిపోయి వచ్చాను. రెండు తెల్ల ఉండలు కొనుక్కుని మరీ వచ్చాను.

అల్లిక మాత్రం ఆపలేదు. కింద తేనె పట్టీ, దాని మీద బూడిద పట్టీ. అడిగితే డిజైన్ అని చెబుతాను.

శుక్రవారం

రక్తపరీక్ష. పెరగలేదు సరికదా, కాస్త తగ్గింది. డాక్టరమ్మగారు కాగితం పైకెత్తి, దింపి, మళ్ళీ ఎత్తారు.

"మాత్రలు వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నానండీ" అంది అమ్మ.

"మరి ఎక్కడికి పోతోంది ఐరన్ అంతా? చూడండి టీచర్‌గారూ, నెలనెలా పోతున్న రక్తం పోతూనే ఉంది. ఇలాగే ఉంటే నేను కత్తి పట్టుకోలేను. పట్టుకోకుండా ఎన్నాళ్ళో ఊరుకోనూలేను."

నేను సాక్ష్యం కూడా చెప్పాను. భోజనం కాగానే అమ్మ మాత్ర తీసుకోవడం, చెయ్యి నోటిదాకా వెళ్ళడం, నీళ్ళు తాగడం, ఆ తర్వాత వసారాలోకి వెళ్ళి చెయ్యి కడుక్కోవడం కళ్ళారా చూస్తున్నానని. నా మాటకి ఆవిడ తల ఊపారు. ఫస్ట్ క్లాసు సాక్షిని.

ఇదంతా ఊలు విషయం కాదని తెలుసు.

ఆదివారం

ఊలు గురించి రాయడానికి ఇవాళ ఏమీ లేదు.

అమ్మ మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోయింది. పెదవులు తెల్లగా ఉన్నాయి. "ఏం లేదు, చెప్పు తెగింది" అంది. చెప్పు తెగలేదు.

ఊలు గురించి రాయడానికి ఏమీ లేదు.

మంగళవారం

అక్క వచ్చి అమ్మని తనింటికి తీసుకెళ్ళింది. "ఇద్దరు మగాళ్ళు, ఒక గిన్నె. మీరేం చూస్తారు ఆవిణ్ణి" అని ఇద్దర్నీ కలిపి దులిపింది. గిన్నె తరఫున నేను నిరసన తెలిపాను.

ఇంకో వార్త: ఉద్యోగం రాలేదు. చాలా మర్యాదగా రాలేదన్నారు.

గురువారం

అద్భుతం. అమ్మ వెళ్ళాక దించిన కట్ట తీశాను. తేనె. అదే నీళ్ళు, అదే గొర్రె. నాన్నని పిలిచి చూపించాను. "మరి నిన్నటిదాకా ఏమొచ్చింది దీనికి?" అన్నాడు. నా పరిశోధన ఇది: లెక్కల టీచరు ఇంట్లో ఉంటే గిన్నె కూడా తడబడుతుంది. నల్లబల్ల ముందు నిలబెట్టినప్పుడు నాకు ఒంట్లో ఏమయ్యేదో దీనికీ అదే అవుతోంది.

రాత్రి అక్క ఫోను.

"మాత్రలు నా ఎదురుగానే వేసుకుంటోందిరా. పాపం, అన్నం తినగానే బాల్కనీలోకి వెళ్ళి పూలకుండీల దగ్గర నిలబడుతోంది. అమ్మకి మొక్కలంటే ఇంత ఇష్టమని నాకెప్పుడూ తెలీదు."

నాకూ తెలీదు. మా ఇంట్లో ఒక్క మొక్క లేదు.

శనివారం

అమ్మ వచ్చేసింది. అక్క పరిపాలన భరించలేక తిరుగుబాటు చేసి ఆటో ఎక్కింది. శాలువా చూసి, "ఇదేంటి, మధ్యలో మళ్ళీ పసుపొచ్చింది" అంది. డిజైన్ అన్నాను.

కొత్త కట్ట దించాను.

ఆదివారం

బూడిద.

ఇంకొక్క కట్ట దించాను. అదీ ఇలాగే వస్తే ఈ గిన్నెని నేను కిటికీలోంచి విసిరేస్తాను.

సోమవారం

గిన్నె అడుగున మాత్ర ఉంది.

బుధవారం

రాయగలనేమో చూస్తాను.

సోమవారం మధ్యాహ్నం నేను నా నియమమే తప్పాను. తొంగిచూడకూడదన్నది నేనే. అమ్మ భోజనం చేసి పడుకుంది, నాన్న పనికి వెళ్ళాడు. ఉండబట్టలేక మూత తీసి, కర్రతో కట్టని పైకెత్తాను. బంగారం రంగు నీళ్ళ అడుగున, తళతళలాడే స్టీలు మీద, చిన్న ఎర్ర గింజ. సగం పూత ఊడిపోయింది. దాని చుట్టూ నల్లటి పొగలాంటిది నెమ్మదిగా విచ్చుకుంటోంది.

ఐరన్ మాత్ర. ఇనుము. టీ. సిరా.

నాన్న మేకుల డబ్బా వెతికాను. గొర్రె మీద కేసు పెట్టాను.

నిన్నా ఇవాళా ఊరికే చూశాను. అమ్మ చెయ్యి నోటిదాకా వెళుతుంది. గుప్పిట విప్పదు. నీళ్ళు తాగుతుంది. వసారాలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఎడమచేత్తో మూత కొంచెం ఎత్తి, కుడిచెయ్యి విదిలిస్తుంది. తర్వాత మూత సరిగ్గా ఉందో లేదో చూసి సర్దుతుంది, దిద్దిన పుస్తకాల దొంతర సర్దినట్టు. చెత్తబుట్టలో వెయ్యలేదు, ఎందుకంటే నాన్న తడిచెత్త, పొడిచెత్త అని రెండు బుట్టలు పెట్టి రోజూ తనిఖీ చేస్తాడు. కుళాయి కింద జాలీ ఉంది, మాత్ర అక్కడే ఆగుతుంది. ఇంట్లో కనబడకుండా ఏదైనా మునిగే చోటు ఒక్కటే. అది నేను పెట్టిందే.

ఎవరికీ చెప్పలేదు. అక్కకి చెబితే ఆటోలో కాదు, అంబులెన్సులో వస్తుంది.

గురువారం

ఇవాళ ఏమీ జరగలేదు. శాలువా అల్లాను. పట్టీలు తప్పులు పోయి రెండుసార్లు విప్పాను.

శుక్రవారం

జరిగింది.

సాయంత్రం అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. నేను అల్లినంతవరకూ శాలువాని తీసుకెళ్ళి ఆవిడ మోకాళ్ళ మీద పరిచాను. తేనె, బూడిద, తేనె, బూడిద.

"అమ్మా, దీనికి రక్తం పట్టింది."

"ఏంటీ?"

"ఈ శాలువాకి. నీకంటే ఎక్కువ ఐరన్ తింది."

అమ్మ ఒక్కో పట్టీ మీద వేలు పెట్టి చూసింది, తప్పు ఎక్కడ మొదలైందో వెతికినట్టు. మధ్యలో తేనె రంగు దగ్గర వేలు ఆగింది.

"ఇది?"

"నువ్వు అక్క దగ్గర ఉన్నప్పటిది. అక్కడ పూలకుండీలు తిన్నాయి కదా."

"ఎవరెవరికి చెప్పావు?"

"ఇంకా ఎవరికీ లేదు."

"నాన్నకి?"

"నాన్నకి చెబితే మాత్రల కోసం మూడో బుట్ట తెస్తాడు."

నవ్వొచ్చింది ఆవిడకి, కానీ సగంలో మానేసింది. శాలువా అంచు మడతపెట్టి విప్పుతూ కూర్చుంది. తర్వాత, నావైపు చూడకుండా, "మా డ్రాయింగ్ టీచరు గుర్తుందా?" అంది.

గుర్తుంది. అమ్మతో పాటు అదే స్కూల్లో పనిచేసేవారు. నా చిన్నప్పుడు నాకు ఏనుగు వెయ్యడం నేర్పింది ఆవిడే. పోయిన ఏడాది పోయారు. ఎలా పోయారో నేనెప్పుడూ అడగలేదు.

"ఇదే ఆపరేషన్" అంది అమ్మ. "చిన్నదే అన్నారు. వెళ్ళేముందు రోజు నా టేబులు మీద పిల్లల బొమ్మల కట్ట పెట్టి, 'ఇవి ముట్టుకోకు, వచ్చాక నేనే దిద్దుకుంటా' అంది. మళ్ళీ లేవలేదు. మత్తు దగ్గరే ఏదో అయిందట. ఆ కట్ట అలాగే ఉంది. ఎవరో ఒకరు దిద్దాలి కదా, నాకిచ్చారు. బొమ్మలకి మార్కులెలా వేస్తారో నాకేం తెలుసురా? అందరికీ నూటికి నూరు వేశాను."

నేను జోకు కోసం వెతికాను. ఉన్న జోకులన్నీ తిరగేశాను. దొరకలేదు.

"రక్తం పెరక్కపోతే వాళ్ళు పిలవరు కదా అనుకున్నా. అంతే. పెద్ద ఆలోచన ఏం లేదు."

"పెరక్కపోతే మెట్ల మీద కూర్చుండిపోతావు కదమ్మా."

"చెప్పు తెగింది."

"తెగలేదు."

"తెగలేదు" అని ఒప్పుకుంది.

"నాకూ భయంగానే ఉందమ్మా" అన్నాను.

"భయముంటే ఈ వెకిలి వేషాలేంటి మరి, పొద్దస్తమానం?"

"అదే భయం."

అమ్మ శాలువా మడతపెట్టి పక్కన పెట్టింది. "డాక్టర్ని అడగాలి" అంది చివరికి. "మత్తిచ్చే ఆయన్ని కూడా. ఎవరు, ఏం ఇస్తారు, ఏదైనా తేడా వస్తే ఏం చేస్తారు. అన్నీ అడగాలి. నువ్వు నోరు మూసుకుని పక్కన కూర్చోవాలి."

"కూర్చుంటా."

"అడిగాక కూడా సరే అంటానని మాత్రం అనుకోకు."

అనుకోనని చెప్పాను. అబద్ధం.

సోమవారం

అడిగింది. ఆస్పత్రిలో మత్తు డాక్టరుని కూర్చోబెట్టి, ఆయన చెప్పింది మళ్ళీ మొదటినుంచి చెప్పమని, మధ్యలో ఆపి, "ఈ మెట్టు వదిలేశారు" అంది. ఆయనకి చెమటలు పట్టాయి, ఆ చలిలో. డ్రాయింగ్ టీచరు సంగతి కూడా చెప్పింది. ఆయన పుస్తకం పక్కన పెట్టి విన్నాడు. అలా జరగనే జరగదని అనలేదు. జరగకుండా తను చేసేవన్నీ వరసగా చెప్పాడు. మాత్రలు వేసుకోవడం లేదన్న విషయం అమ్మే చెప్పేసింది. డాక్టరమ్మగారు నావైపు తిరిగి, "కళ్ళారా చూస్తున్నానన్నారు?" అన్నారు. నేను నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను.

ఇంటికొచ్చాక అమ్మ, "గిన్నెలో నీళ్ళు పెట్టుకో" అంది.

మంగళవారం

కట్ట దించాను. మధ్యాహ్నం అన్నం తిని, కావాలని వీధిలోకి పోయాను. నాన్నని వెతుక్కుంటూ టీ కొట్టుకి వెళ్ళి, ఆయన పక్కనే కూర్చుని, ఒక గ్లాసు తాగాను. తండ్రీ కొడుకులం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రాత్రి భోజనం కాగానే మళ్ళీ వీధిలోకే పోయాను. ఆవిడ వేసుకుంటోందా లేదా అని చూసే పని నాది కాదు. ఆ పని ఊలుకి అప్పజెప్పాను.

బుధవారం

మూత తియ్యడానికి వసారాలోకి మూడుసార్లు వెళ్ళి వెనక్కొచ్చాను. నాలుగోసారి అమ్మే వంటింట్లోంచి, "తీసి చావరా, కాళ్ళకి అడ్డం పడుతున్నావ్" అంది.

తేనె.

(తర్వాత రోజులు రాయలేదు. రాయడానికి ఊలు విషయాలే ఉన్నాయి: తేనె, తేనె, మళ్ళీ తేనె.)

శుక్రవారం

కొత్త నెల. తొమ్మిది దాటింది. డాక్టరమ్మగారు ఈసారి కాగితం ఒక్కసారే ఎత్తారు. ఇంకొంచెం ఓపిక పడితే తేదీ ఇస్తానన్నారు. అమ్మ, "ఇవ్వండి" అంది. చాలా చిన్న గొంతుతో అంది. అన్నది మాత్రం అన్నది.

ఆపరేషన్. ఆపరేషన్. ఆపరేషన్. రెండో నిబంధన రద్దు చేశాను.

ఆదివారం

కొత్త తలనొప్పి. శాలువా దాదాపు అయిపోయింది. అందం కోసం ఆఖరున ఒక సన్నని బూడిద పట్టీ ఉండాలి, లేకపోతే లెక్కంతా చేసి జవాబు కింద గీత కొట్టడం మర్చిపోయినట్టుంది. బూడిద ఊలు అంతా అయిపోయింది. గిన్నె నిండా ఏది దించినా తేనె తప్ప రాదు. నాన్న మేకులు వేసి చూశాను. మేకుల్లో కూడా నిజాయితీ లేదు, మరకలు మరకలుగా వచ్చింది.

మధ్యాహ్నం భోజనం కాగానే అమ్మ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాను.

"అమ్మా, ఒక్క మాత్ర ఇవ్వవా. ఒక్కటంటే ఒక్కటి. శాలువాకి."

అమ్మ మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నోరు పూర్తిగా తెరిచి, నాలుక బయటపెట్టి చూపించింది.

"పోరా. అది నాకు కావాలి."